రహీమ్ లీగు పట్టిక ఎవరింట్లో ఉంది?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకున్నప్పుడు ఫుట్‌బాల్ అభిమానులు చాలా బాధపడ్డారు. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తిన జట్టు అది. ఆ గెలుపుకు నాలుగేళ్లు నిండకముందే ఊరు ఖాళీ చేసింది. బాధ నాకూ ఉంది. అయితే 2019లో పుణె జట్టు మూతపడితే ఆ ఖాళీలో ఇక్కడికి వచ్చిన జట్టు అది. లెక్క కుదిరిందని వచ్చారు, కుదరలేదని వెళ్లారు. ఈ నగరం అంతకు చాలా ముందే, అంతకంటే విలువైనదాన్ని చాలావరకు పోగొట్టుకుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏటా నడిపిన నగర లీగు అది. తర్వాతి రోజుల్లో దాన్నే రహీమ్ లీగు అన్నారు.

లీగు విలువ కప్పులతో తేలేది కాదు. ఏ, బీ, సీ అని డివిజన్లు. గెలిచిన జట్టు పైకి ఎక్కుతుంది, ఓడిన జట్టు కిందికి దిగుతుంది. ఒక మొహల్లా పిల్లలు క్లబ్బు పెట్టుకుని, ఫీజు కట్టి, అన్నిటికంటే కింది డివిజన్‌లో పేరు రాయించుకుంటారు. కొన్నేళ్లు బాగా ఆడితే పోలీసు జట్టుతోనో, రైల్వే జట్టుతోనో, సికింద్రాబాద్ సైనిక జట్టుతోనో తలపడే రోజు వస్తుంది. అవతలి వైపు ఒలింపిక్స్ ఆడొచ్చిన మనిషి నిలబడి ఉంటాడు. అతని కాళ్ల దగ్గర నుంచి బంతి లాగబోయి బోర్లాపడ్డ పిల్లవాడికి ఆ గంటన్నరలో వచ్చే చదువు వేరు. అది డబ్బు పెట్టి కొనుక్కునే కోచింగ్‌లో దొరకదు.

ఆ క్లబ్బుల పేర్లు ఒకసారి పైకి చదివి చూడండి. ఖమర్ క్లబ్. సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్. రైడర్స్ క్లబ్. సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్. 1958లో ఆసియాలోనే మేటి గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న పీటర్ తంగరాజ్ ఈ చివరి రెండు క్లబ్బుల్లో ఆడి పెరిగినవాడే. అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ రైడర్స్ క్లబ్‌కు ఆడాడు. చునీ గోస్వామి, పి.కె.బెనర్జీల సరసన దేశం అతన్ని నిలబెట్టుకుంది. వీళ్లను జాతీయ జట్టు తయారుచేయలేదు. సాయంత్రాల్లో, ఎర్రమట్టి మీద, పెద్ద జనం కూడా లేని మ్యాచుల్లో తయారయ్యారు.

ఈ లీగుకు వెన్నెముక సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. వృత్తి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పాఠాలు చెప్పిన బడులు. తానూ ఖమర్ క్లబ్‌కు, సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్‌కు ఆడినవాడే. 1940ల తొలి ఏళ్ల నుంచి చనిపోయే దాకా అసోసియేషన్ కార్యదర్శి పదవి ఆయనదే. దేశమంతా ఆయన్ని కోచ్‌గా తలచుకుంటుంది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం. అప్పటికే క్యాన్సర్ ముదిరిన ఒంటితో జకార్తా వెళ్లొచ్చి, 1963 జూన్ 11న కన్నుమూశాడు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో ఈ కథ ఇంటింటికీ చేరింది. మంచిదే. నాకు మాత్రం కార్యదర్శి రహీమే ఎక్కువ ఇష్టం. ఫలానా ఆదివారం ఫలానా మైదానంలో ఎవరు ఎవరితో ఆడాలో రాసి, రెఫరీని పంపి, ఫలితం పట్టికలోకి ఎక్కించే పనికి ఎవరూ పతకం ఇవ్వరు. ఆ పని ఆగితే మాత్రం పతకాలు తెచ్చేవాళ్లూ ఆగిపోతారు.

ఆయన ఆలోచనల్లో గొప్పవి ఈ చిన్న టోర్నమెంట్లలోనే ఉన్నాయి. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంటు పెట్టాడు. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, మనిషిని ఏమార్చి ముందుకు పోవడం కుదరదు. వాటమైన కాలితో ఆడకూడదని, రెండో కాలితోనే తన్నాలని మరొకటి. ఎత్తు కొలిచి, ఫలానా ఎత్తు దాటని పిల్లలకే అని ఇంకొకటి. ఒక్కో నిబంధన వెనక ఒక్కో పాఠం ఉంది. డ్రిబ్లింగ్ నిషేధిస్తే కళ్లు పైకెత్తి తోటివాణ్ణి చూడటం అలవాటవుతుంది. రెండో కాలితో ఆడిస్తే మైదానంలో ఏ పక్కనుంచైనా బంతి కొట్టగలుగుతాడు. ఎత్తు కొలిస్తే చురుకైన బక్కపిల్లవాడు పెద్దవాళ్ల తోపులాటలో కనపడకుండా పోడు. ఖరీదైన సరంజామా లేని నగరంలో, ఒక బడిపంతులు నియమాలు మార్చి ఆటగాళ్లను తయారుచేశాడు. హైదరాబాద్ పోలీసు జట్టు పొట్టి పాసుల ఆట దేశాన్ని ఆశ్చర్యపరిచిందంటే దాని వేరు ఇక్కడుంది.

ఆ పోలీసు జట్టు సాధించినవి ఈ తరానికి మళ్లీ చెప్పాలి. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు గెలిచారు. రాష్ట్రాల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో వరసగా ఎత్తింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో బెంగాల్‌ను ఓడించి మరోసారి తెచ్చుకుంది. అక్కడితో సరి, ఆ కప్పు మళ్లీ ఈ గడ్డ మీదికి రాలేదు.

లాడ్ బజార్‌లో చార్మినార్ నుంచి చౌక్ గడియారం వైపు నడిస్తే కుడిఎడమలా లక్క గాజుల మెరుపే. వయసు మళ్లిన ఒక దుకాణదారుతో ఒకసారి ఫుట్‌బాల్ మాట ఎత్తాను. గాజులకు రాళ్లు అద్దుతున్న చెయ్యి ఆపేశాడు. “పోలీస్ మ్యాచ్ అంటే మా అబ్బాజాన్ గల్లా నా చేతిలో పెట్టి ఫతే మైదాన్ పోయేటోడు బేటా” అన్నాడు. నూర్, అజీజ్, మొయిన్, జమాల్, లాయక్ అని వరసగా పేర్లు చెప్పాడు. తండ్రి దగ్గర విని నేర్చుకున్న వరస అది. “చాచా, మరి మన మొహల్లా క్లబ్బులు? లీగులో ఏ యేడు ఎవరు గెలిచారు?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “అది ఎవరు రాసి పెట్టుకున్నరు బేటా?” అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, ఎప్పటి నుంచి చేస్తున్నారు అన్నది అధికారికంగా కాగితం మీదికెక్కింది. ఆ వీధికి నడిచిపోయేంత దూరంలో ఉన్న సిటీ కాలేజీ పిల్లలు ఆడిన లీగుకు అలాంటి కాగితం మన చేతికందేలా ఎక్కడా లేదు. డ్యూరాండ్ గెలిచిన జట్ల జాబితా క్షణంలో దొరుకుతుంది. రహీమ్ లీగు విజేతల జాబితా అడిగి చూడండి.

రికార్డులు దాచుకునే విషయంలో ఆస్ట్రేలియా మాట చెప్పాలి. వాళ్లకు సొంత ఫుట్‌బాల్ ఒకటి ఉంది. గుడ్డు ఆకారపు బంతి, విశాలమైన కోలటి మైదానం, జట్టుకు 18 మంది. 1859లో మెల్బోర్న్‌లో దాని నియమాలు రాసుకున్నారు. 1956 ఒలింపిక్స్‌లో దాన్నే ప్రపంచానికి ఆడి చూపించారు. అదే ఒలింపిక్స్‌లో, అదే నగరంలో, రహీమ్ జట్టు మన ఫుట్‌బాల్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. బొంబాయి కుర్రవాడు నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఆ ఒలింపిక్ బృందంలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరామ్ ఉన్నారు. అందరూ ఈ నగరపు లీగు పిల్లలే. ఇప్పుడు విక్టోరియా రాష్ట్రంలో గోధుమ పండించే మెట్ట పల్లెల్లో ఆ సొంత ఆట లీగులు ఎన్నో మూతపడ్డాయి. పిల్లలు పట్నాలకు పోయారు, 18 మంది కూడక క్లబ్బులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, చివరికి లీగులే పక్క లీగుల్లో కలిసిపోయాయి. కానీ ఏ ఏడు ఎవరు ఫైనల్ గెలిచారు, ఎంత స్కోరు, ఆ సీజనులో మేటి ఆటగాడెవరు అన్నది ఊరి చరిత్ర సంఘాలు, స్థానిక రచయితలు ఓపికగా పుస్తకాలు చేసిపెట్టారు. లీగు పోయినా ఆడినవాళ్ల పేరు పోలేదు. ఒలింపిక్ సెమీఫైనల్ దాకా దేశాన్ని మోసిన లీగుకు మనం ఆ మాత్రం చేయలేకపోయాం.

లీగు ఎలా నీరసించిందో చెప్పడానికి పెద్ద రహస్యాలేమీ లేవు. రహీమ్ పోవడం మొదటి దెబ్బ. రెండోది కలకత్తా. అక్కడ డబ్బు ఉంది, జనం ఉంది, పేరు ఉంది. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆ తర్వాత మహమ్మద్ హబీబ్, అతని తమ్ముడు అక్బర్, సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే దారి పట్టారు. హబీబ్‌ను బెంగాలీలు బడే మియాఁ అని నెత్తిన పెట్టుకున్నారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాళ్లలో ఆయన ఒకడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నయీమ్ కెప్టెన్. వెళ్లినవాళ్లను తప్పుపట్టను. బతుకుతెరువు ఎక్కడుంటే మనిషి అక్కడికి పోతాడు. వాళ్లను కన్న లీగును ఇక్కడ ఎవరూ చూసుకోకపోవడమే తప్పు.

మూడోది ఉద్యోగాలు. ఆట బాగుంటే పోలీసు శాఖలోనో, ఫ్యాక్టరీలోనో, బ్యాంకులోనో కొలువు దొరుకుతుందనే నమ్మకం పేదింటి పిల్లల్ని మైదానానికి పంపేది. ఆ దారి ఇరుకైపోయాక, లాడ్ బజార్ కార్ఖానాలో కూర్చుంటే రోజుకూలి వస్తుంది కదా అని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. నాలుగోది మైదానాలు. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియమైంది, క్రికెట్ దానికి యజమాని అయింది. రోవర్స్ కప్ కూడా 2000ల మొదట్లో ఆగిపోయింది, అంటే గెలిచి తెచ్చుకోవడానికి ఆ కప్పు కూడా మిగల్లేదు. అసోసియేషన్‌లో తగాదాలూ తక్కువేమీ కాదు. లీగు ఒక్కరోజులో నీరసించలేదు. ఒక ఏడు ఆలస్యమైంది, ఒక ఏడు సగంలో ఆగింది, ఒక ఏడు మొదలే కాలేదు. పాతతరం చెప్పుకునే ఆ వైభవం ఇప్పుడు లేదు.

అయినా ఆట మిగిలింది. నిజాం కాలంలో అరబ్బు సిపాయిల బారక్‌లుగా మొదలైన బార్కస్‌లో సాయంత్రం ఇప్పటికీ బంతి దొర్లుతుంది. అక్కడి ఇళ్లలో ఫుట్‌బాల్ తాత నుంచి మనవడికి వస్తున్న ఆస్తి. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది, బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. పోటీని ఘనంగా నిర్వహించగల ప్రభుత్వం మనకు ఉందని అది రుజువు చేసింది. సొంత జట్టును ఆ ఫైనల్‌లో నిలబెట్టే లీగు మనకు లేదని కూడా రుజువు చేసింది. పైనుంచి జట్టును తెచ్చి పెడితే హైదరాబాద్ ఎఫ్‌సీకి పట్టిన గతే మళ్లీ పడుతుంది. కింద లీగు ఉన్న ఊరిలో క్లబ్బు పోయినా ఆటగాళ్లు పోరు.

నేను అడిగేవి రెండే. ఒకటి, రికార్డు. 1949 నుంచి వస్తున్న సియాసత్ లాంటి ఉర్దూ పత్రికల పాత సంచికల్లో మ్యాచ్ ఫలితాలు ఉన్నాయి. పాతబస్తీ, సికింద్రాబాద్, అమ్ముగూడ ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో సర్టిఫికెట్లు, జట్టు ఫొటోలు ఉన్నాయి. బలరామ్ 2023 ఫిబ్రవరిలో పోయాడు, హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న పోయాడు. రహీమ్ కొడుకు, రోమ్ ఒలింపిక్ బృందంలో సభ్యుడు, అంతర్జాతీయ రెఫరీ సయ్యద్ షాహిద్ హకీమ్ 2021లోనే వెళ్లిపోయాడు. చెప్పగలిగినవాళ్లు ఇక ఎంతోమంది లేరు. ఉస్మానియా చరిత్ర విభాగం ఉర్దూ చదవగల నలుగురు విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే రెండేళ్లలో లీగు పట్టికలు పుస్తకంగా వస్తాయి.

రెండోది, రహీమ్ పెట్టిన ఆ టోర్నమెంట్లు మళ్లీ పెట్టాలి. ముందు రెండో కాలి టోర్నమెంటు. సిటీ కాలేజీ పక్కనే కులీ కుతుబ్ షా స్టేడియం ఉంది, బార్కస్‌లో మైదానం ఉంది. పాతబస్తీ బడులకు కబురు పెట్టి, రహీమ్ పుట్టినరోజు ఆగస్టు 17న మొదలుపెట్టండి. ప్రతి మ్యాచు స్కోరూ ఆ సాయంత్రమే ఒక రిజిస్టర్‌లో రాయండి. గెలిచినవాళ్లవే కాకుండా ఓడినవాళ్ల పేర్లూ, రెఫరీ పేరూ అందులో రాయండి.