అటక మీద దాచుకొనే క్రిస్మస్ చెట్టు



డిసెంబరు వచ్చినదంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజారులలో కాగితపు నక్షత్రములు, రంగు తోరణములు, ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు కనబడును. మన పల్లె సంఘములలో మాత్రము యవనస్థులు గొడ్డలి పట్టుకొని కొమ్మ కొరకు బయలుదేరుదురు. కోస్తా వారికి సరుగుడు తోటలున్నవి. మనకు దొరికేది వేపో, సుబాబులో. రెండు రోజులకే ఆకు వాడి రాలిపోవును. పండుగ నాటికి ఎండు పుల్లలకు దూది అంటించినట్లుండును.

చెట్టు పెట్టుటే వాక్యానుసారము కాదనే సహోదరులున్నారు. వారితో మాకు వాదము లేదు. పెట్టుకొనే వారి కొరకే ఈ మాటలు.

ఒక సంవత్సరము మా సంఘములోనే జరిగినది చెప్పెదము. పిల్లలు అడుగకుండనే పొరుగు రైతు గట్టు మీది చెట్టు తల నరికి తెచ్చిరి. ఆయన మన సంఘస్థుడు కాడు. మరునాడు వచ్చి కేకలు వేయలేదు. “అడిగితే ఇయ్యకపోదునా?” అని మాత్రము అని వెళ్లిపోయెను. ఆరాధనలో ఆ చెట్టు వైపు చూచుటకు మాకు సిగ్గైనది. యుద్ధ సమయమందు సహితము ఫలవృక్షములను నరుకవద్దని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను గదా.

పోనీ, ప్లాస్టిక్ చెట్టు కొందమా అంటే, అది పి.వి.సి.తో చేసినది. పాడైన తరువాత మట్టిలో కలియదు, కాల్చితే విషపు పొగ. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ వారి లెక్కలో, పండుగ తరువాత కాల్చివేసిన నిజమైన చెట్టు కంటె ఇది మేలనిపించుకొనవలెనంటే 10 సంవత్సరములకు పైగా వాడవలెను. ఇప్పటికే ఇంట ఉన్నవారు పారవేయక అదే వాడుకొనుడి.

చెట్టు ఆచారము మొదలైన జర్మనీలోనే 19వ శతాబ్దములో అడవులు తరుగుట చూచి, పెద్దబాతు ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి, తీగెకు చుట్టి, ఏటేటా వాడుకొనే చెట్లు చేసిరి. మన యింట బాతు ఈకలు లేకున్నను పాత చీరెలున్నవి.

మేము చేసిన విధము ఇది. 6 అడుగుల వెదురు కర్రను పాత నూనె డబ్బాలో నిలిపి ఇసుక, కంకర కూరితిమి. కర్ర తల నుండి పురికొసలు దింపి, అడుగున పాత సైకిలు రిమ్ముకు బిగించితిమి. చీరె పన్నా మూడున్నర అడుగులే గనుక ఒకటి చాలదు. మొదట నడుము ఎత్తున ఒక ఆకుపచ్చ చీరెను కుచ్చెళ్లు పోసి కట్టి, దాని మీదికి వచ్చునట్లు తల దగ్గర రెండవది కట్టవలెను. ముందు పై చీరె కట్టి, మరల విప్పి తంటాలు పడితిమి! మీరు అట్లు చేయకుడి.

అలంకారమునకు థర్మోకోల్ వద్దు. 2022 జూలై 1 నుండి అలంకరణ థర్మోకోలును ప్రభుత్వము నిషేధించినది. మనకు వానాకాలపు వరి కోతలు అప్పుడే ముగియును గనుక కంకులను కుచ్చులుగా అల్లి వ్రేలాడదీసితిమి. ఆ కంకులు ఆ రైతు పొలములోనివే. ఈసారి అడిగి తెచ్చితిమి. పండుగ తరువాత వాటిని చూరుకు కట్టితే పిచ్చుకలు తినును. గుడ్డ, గడ్డి ఉన్నచోట కొవ్వొత్తి మాత్రము వెలిగించరాదు.

కుండీలో పెంచే చెట్టు కావలెనంటే కడియం నర్సరీలలో అరకేరియా దొరకును. అది సముద్రపు గాలిలో పుట్టిన జాతి. మన మే నెల ఎండకు నీడ, నీరు చూచుకొనలేని ఇంట నిమ్మ మొక్కయే నయము.

జనవరిలో చీరెలు ఉతికి, బాగుగా ఎండబెట్టి, ఎండు వేపాకు వేసి మూట కట్టవలెను. కొస గింజ ఒక్కటి మిగిలినను ఎలుకలు చీరెను కొరుకును గనుక దులిపి మరీ అటక ఎక్కించుడి.