పైపు మన చేలో, శిక్షణ వాళ్ల గేటు లోపల

చమురు సంస్థల ప్లాంటులో అడుగు పెట్టాలంటే నెత్తిన హెల్మెట్ ఉండాలి. అగ్గిపెట్టె, సెల్‌ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఉద్యోగులకు భద్రతా తరగతులు పెడతారు, మంటలార్పడం నేర్పుతారు, నేర్పినట్లు రిజిస్టర్లో సంతకాలు తీసుకుంటారు. మంచిదే, కాదనం. కానీ గ్యాసు ఆ గేటు దగ్గర ఆగిపోవడం లేదు కదా! పైపుల్లో పడి మన కొబ్బరితోటల పక్కనుంచి, వరిచేల కిందనుంచి, బోదెల అడుగునుంచి పోతోంది. ఆ పైపు మీద రోజూ పనిచేసేది రైతు, కూలి, దింపు తీసేవాడు. వీళ్లకు ఎవరు ఏం నేర్పారు?

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ వారి 18 అంగుళాల పైపు పగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు బూడిదయ్యాయి, కొబ్బరిచెట్లు మొవ్వుతో సహా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తేమ, ద్రవాలు కలిసిన గ్యాసు పంపడంవల్ల లోపల తుప్పు తినేసిందని తర్వాత దర్యాప్తులో తేలింది. అంటే శిక్షణలూ సంతకాలూ అన్నీ ఉన్నచోటే అసలు నిబంధన గాలికి పోయింది. లీకుల గురించి ఊరివాళ్లు ముందునుంచీ చెబుతూనే ఉన్నారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. టీకొట్టులో పొయ్యి వెలిగించడంవల్లే అంటుకుందని కూడా చెప్పుకున్నారు. కావచ్చు. అయితే పొయ్యి వెలిగించకూడదని ఆ మనిషికి చెప్పినవాడెవడు?

ఇదొక్కటే కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి అంటుకుని 65 రోజులు మండింది. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్నింది, జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. ఎప్పుడు వచ్చినా ఊరు నేర్చుకునేది పరుగే.

1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతుదే, వాడుకునే హక్కు మాత్రం సంస్థది. దానికి మార్కెట్ విలువలో నూటికి 10 వంతున పరిహారం ఇస్తారు. ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, నుయ్యి, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఇవి మనకు నిబంధనలు. కొబ్బరి మీద బతికేవాడికి చెట్టు నాటవద్దనడం చిన్న మాటా? ఇంత కట్టడి పెట్టినప్పుడు, ప్రమాదం వస్తే ఏం చేయాలో చెప్పే బాధ్యత వాళ్లకు ఉండదా?

మచ్చుకి వాసన సంగతే చూడండి. వంటగ్యాసుకు వాసన విడిగా కలుపుతారు. పెద్ద పైపుల్లో పోయే గ్యాసుకు ఆ వాసన ఉండకపోవచ్చు. ముక్కును నమ్ముకుంటే లాభం లేదు, కళ్లను, చెవులను నమ్మాలి. పైపు దారిలో చేలోగాని బోదెలోగాని ఒకేచోట ఆగకుండా బుడగలు రావడం, బుస్సుమనే చప్పుడు, చుట్టూ పచ్చగా ఉండి ఆ ముక్క మాత్రం గడ్డి ఎండిపోవడం, నీటి మీద నూనె తెట్టు, నేలబారున పొగమంచులాంటిది - ఇవి గుర్తులు. అవి కనపడితే చుట్ట వెలిగించకూడదు. మోటారు స్విచ్ వేయకూడదు, వేసి ఉంటే తీయనూ కూడదు. బండి స్టార్టు చేయకుండా అక్కడే వదిలి, గాలి వచ్చే వైపుకో పక్కకో దూరంగా నడిచిపోయి అప్పుడు ఫోను చేయాలి. పైపు గుర్తు బోర్డుల మీద నంబరు ఉంటుంది. అది మాసిపోతే 101కో 112కో చేయవచ్చు. ఇదంతా చెప్పడానికి గంట పట్టదు.

మనవాళ్ల తప్పూ లేకపోలేదు. బోర్డులు పీకి గట్టున పారేసేవారున్నారు. పైపు ఎక్కడుందో అడగకుండా రొయ్యల చెరువుకు పొక్లెయిన్ దింపేవారున్నారు. ఎండుకమ్మలు సరిగ్గా ఆ పట్టీ మీదే తగలబెట్టేవారూ ఉన్నారు. ‘ఇన్నాళ్లూ ఏం కాలేదు కదండీ’ అంటారు. నగరంలోనూ జూన్ 26 దాకా ఏం కాలేదు.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదకర పనుల వివరాలు చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలని రాశారు. గ్యాసు సంస్థలు విపత్తు ప్రణాళికలు రాసుకుని మాక్ డ్రిల్లులు చేయాలని 2010లో నియంత్రణ మండలి నిబంధనలు పెట్టింది. ఆ డ్రిల్లు సైరన్ మోగించి ఫొటోలు దిగే కార్యక్రమం కాకూడదు.

పైపు పోయే ప్రతి పంచాయతీలోనూ సర్పంచులు గ్రామసభలో ఒక తీర్మానం చేయాలి. ఏడాదికోసారి, సార్వా నాట్లకు ముందు, సంస్థవారు ఊళ్లోకి వచ్చి రైతులకు, కూలీలకు, దింపు కార్మికులకు, హోటళ్లవాళ్లకు తెలుగులో చెప్పి, చేసి చూపించాలని అందులో రాయాలి. పైపు ఏ సర్వే నంబర్లలో పోతోందో పటం పంచాయతీ గోడ మీద ఉండాలి. లీకు ఉందని రైతు చెప్పిన ప్రతి ఫిర్యాదుకూ తేదీతో రసీదు ఇవ్వాలి. తీర్మానం నకలు సంస్థకు ఒకటి, కలెక్టరుగారికి ఒకటి పంపి, మూడోది పంచాయతీలో దాచుకోవాలి.