లేసు అల్లు చేతులకు చోటు

పల్లెసీమల యభివృద్ధి యనగానే పెద్దలు భవనముల పటములు విప్పుదురు. ఆ భవనములలో మనకు చోటెంతయని యడుగువారు అరుదు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురపు లేసు సంగతి చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన యీ యల్లిక యింటింట వ్యాపించి, సముద్రములు దాటినది. 1982లో జర్మను విదుషి మరియా మీస్ ఈ స్త్రీలను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అల్లువారిని వట్టి గృహిణులనియు, వారి పనిని తీరిక వేళల కాలక్షేపమనియు నెంచుటచే కూలి స్వల్పమై, లాభము వర్తకులకు చేరుచున్నదని యామె చూపెను. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు నిలిచినందుకు సంతోషమే. ఆ పేరుతో కూలియు పెరుగునా యనునదే ప్రశ్న.

నర్సాపురము చెంత రుస్తుంబాదలో లేసుకొరకు వాణిజ్య కేంద్రము వెలసినది. ఇట్టివి జిల్లా జిల్లాకును కావలసినవే. కాని గోడలు లేచినంత మాత్రమున బేరము మన చేతికి రాదు. దారపు ధర, అల్లిక కూలి, అమ్మకపు వెల, ఈ మూడును అందరికిని కనబడునట్లు గోడపై వ్రాసియుంచవలెనని మేము కోరుచున్నాము. బిడ్డల నుంచుటకు గది, నడిచి పోదగిన దూరము, వంట ముగిసిన పిమ్మట తెరచియుండు వేళలు కావలెను. లెక్కల పుస్తకము అల్లువారి సంఘము చేతనే యుండవలెను.

మీ యూర నిట్టి కట్టడము తలపెట్టినచో, పునాదికి ముందే గ్రామసభకు పోయి యడుగుడు. తాళపుచెవి యెవరి కొంగున నుండునో తెలిసికొనక శంకుస్థాపనకు పసుపుకుంకుమలు పంపకుడు.