మునిగిన ఓడ చెంత
— పాంథుడు

మూడు దినముల యాత్రకు బయలుదేరువాడు మూడు వారములు పట్టెడి పట్టికను వెంటబెట్టుకొనిపోవుట ఈ కాలపు అలవాటు. చేతిఫోనులో చిత్రములు పెరుగుచుండును గాని కన్ను దేనిపైనను నిలువదు. ఇల్లు చేరిన పిమ్మట ఏ కట్టడము ఏ వీధిలోనిదో జ్ఞప్తికి రాదు. స్వల్పకాలము మాత్రమే గలవాడు ఒక్క వస్తువును ఎన్నుకొని, దానినే రెండవమారు పోయి చూచుట మేలని నా అభిప్రాయము. ఇది నాకు మొన్న జూన్ మొదటి వారమున స్టాక్‌హోమ్ నగరములో కలిగినది. కలిగించినవాడు నా చిన్ననాటి మిత్రుడు.

అతడు గోదావరి డెల్టా కాలువలపై ముప్పదియేండ్లకు పైగా ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు. లండనులోని కుమార్తె యొద్దకు అతడును, జర్మనీలోని కుమారుని యొద్దకు నేనును వచ్చియుండుటచే, ఏదేని ఒక ఊరిలో మూడు దినములు కలిసి గడుపుదమని నిశ్చయించుకొంటిమి. మేలారెన్ అను మంచినీటి సరస్సు బాల్టిక్ సముద్రమున కలియుచోట 14 ద్వీపములపై విస్తరించిన నగరమది. అందు పాతపట్టణమునకును దక్షిణపు దీవికిని నడుమనున్న తావును 'స్లుస్సెన్' అందురు. సరస్సు నీటిమట్టము సముద్రముకంటె సగటున రమారమి 70 సెంటీమీటర్లు ఎత్తుగా నుండుటచే, 1642 నాటికే, క్రిస్టీనా రాణి పాలనలో, పడవల రాకపోకలకు అచ్చట లాకు కట్టిరి. ఆ పేరునకు అర్థమే 'లాకు'. ఈ సంగతి తెలిసిన క్షణమున నా మిత్రుని ముఖము వికసించినది. "ధవళేశ్వరం లాకుల పక్కన పెరిగినవాణ్ణిరా నేను, ఈ ఊళ్లో నాకు దారి తప్పదు" అనెను. తప్పలేదు కూడ. రాత్రి ఇంచుమించు పదిగంటల వరకు సూర్యుడు అస్తమింపని ఆ దినములలో, పడవరేవులనుండి వంతెనలకును, వంతెనలనుండి రేవులకును అతడు ముందు నడువ నేను వెనుక నడచితిని.

మొదటి దినమున పురమందిరమును చూచితిమి. ప్రతి డిసెంబరు 10వ తేదీన నోబెల్ విందు జరుగు విశాలమందిరమునకు 'నీలిమందిరము' అని పేరు. కాని గోడలన్నియు ఎఱ్ఱని ఇటుకలే. నీలిపూత పూయింపదలచిన వాస్తుశిల్పి రాగ్నార్ ఓస్ట్‌బెర్గ్, ఇటుకల సొగసు చూచి మనసు మార్చుకొనెను; పేరు మాత్రము మారలేదు. 1930లో సర్ సి. వి. రామన్ బహుమానమందుకొన్నది ఈ నగరముననే అని తలచుకొనుచు బయటికి వచ్చి, దాల్చినచెక్క వేసిన తియ్యరొట్టెతో కాఫీ త్రాగి, పడవనెక్కి యూర్‌గోర్డెన్ దీవికి పోయితిమి. అచ్చట 'వాసా' ఉన్నది.

1628వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ, ఆదివారము. పోలండుతో పోరుచున్న స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ తన నౌకాబలమునకు తలమానికముగా కట్టించిన వాసా యను యుద్ధనౌక, 64 ఫిరంగులను మోసికొని, రెండంతస్తుల ఫిరంగి కిటికీలను తెరచుకొని, పురజనులు గట్టున నిలిచి చూచుచుండగా తొలి పయనమునకు బయలుదేరి, రమారమి 1300 మీటర్లు సాగునప్పటికి, విసరిన ఒక గాలికి ప్రక్కకు ఒరిగి, క్రింది వరుస కిటికీలగుండ నీరు చొరబడగా, రేవుననే మునిగిపోయెను. ఇంచుమించు 30 మంది ప్రాణములు కోల్పోయిరి.

కారణము తుపాను కాదు, శత్రువు కాదు. ఓడ పైభాగము మిక్కిలి బరువు, అడుగుభాగము ఇరుకు. ఒరగకుండ నిలుపుటకై అడుగున రమారమి 120 టన్నుల రాళ్లు వేసిరి గాని ఆ బరువు చాలదు. మరికొంత వేయుటకు చోటు లేదు. వేసినను క్రింది కిటికీలు నీటికి మరింత చేరువయ్యెడివి. నా మనసును కలచినది వేరొక సంగతి. పయనమునకు మునుపే, రేవున కట్టియున్న ఆ ఓడ పైతట్టున 30 మంది నావికులను ఒక అంచునుండి మరియొక అంచునకు పరుగెత్తించి పరీక్షించిరి. మూడుమారులు పరుగెత్తునంతలో ఓడ భయంకరముగా ఊగుటచే, ఉపనౌకాధిపతి క్లాస్ ఫ్లెమింగ్ పరుగును ఆపించెను. పరుగును ఆపించెనే గాని పయనమును ఆపడయ్యెను. రాజు దూరమున యుద్ధరంగమున నుండి, త్వరపడుడని జాబులు వ్రాయుచుండెను.

పిమ్మట విచారణ జరిగెను. కప్తానును నిర్బంధించి ప్రశ్నించిరి. ఓడను రూపొందించిన హాలండు దేశపు శిల్పి హెన్రిక్ హ్యూబెర్ట్‌సన్ అంతకు ముందు సంవత్సరమే మరణించియుండెను. ఓడ కొలతలు రాజు స్వయముగా ఆమోదించినవి. ఎవ్వరికిని శిక్ష పడలేదు.

ఆ మునుకయే ఓడను కాపాడినది. బాల్టిక్ జలములలో ఉప్పు తక్కువ. ఇతర సముద్రములలో మునిగిన కొయ్యను తొలిచివేయు పురుగు అచ్చట బ్రతుకదు. 1956లో ఆండెర్స్ ఫ్రాన్సేన్ అను అన్వేషకుడు తాటికి కట్టి జారవిడిచిన సాధనమునకు నల్లబారిన ఓకుచెక్క తగిలినది. ఈతగాండ్రు చిమ్మచీకటి బురదలో ఓడ క్రిందుగా ఆరు సొరంగములు త్రవ్వి ఉక్కుమోకులు దూర్చిరి. 333 సంవత్సరముల పిదప, 1961 ఏప్రిల్ 24న, వాసా వెలుగు చూచెను. ఎండి బీటలు వారకుండ 17 సంవత్సరములు దానిపై రసాయనద్రవమును చిలుకరించిరి. 1990లో దానికై ఒక ప్రత్యేక భవనము వెలసినది.

ఇదంతయు మొదటి దినమున చదివితిమి, చూచితిమి, బయటికి వచ్చితిమి. మరునాడు సాయంకాలము, రాజభవనమునకు పోవలసిన మూడవ దినపు కార్యక్రమమును నేను చెప్పుచుండగా, నా మిత్రుడు నిదానముగా, "రేపు మళ్ళీ ఆ ఓడ దగ్గరికే పోదాంరా" అనెను. కారణమడుగక సరేయంటిని.

మూడవ దినపు ఉదయము ఏడెనిమిదేండ్ల పిల్లలు కొందరు ఓడ ముందు నేలపై కూర్చుండియుండిరి. ఉపాధ్యాయిని ఏదో చెప్పగా, ఒక బాలుడు లేచి రెండు చేతులు చాచి ప్రక్కకు ఒరిగి చూపెను, అందరును ఒరిగిరి. వారి భాష మాకు రాకపోయినను పాఠము తెలిసినది. నా మిత్రుడు వారిని దాటిపోయి, పనివారి కొలబద్దలున్న చోట నిలిచిపోయెను. ఓడలో దొరకిన కొలబద్దలు నాలుగు. రెండు 12 అంగుళముల స్వీడిష్ అడుగునకు, రెండు 11 అంగుళముల ఆమ్‌స్టర్‌డామ్ అడుగునకు సరిపడినవి. ఒకే ఓడపై పనిచేసినవారిలో అడుగు అనగా అందరికిని ఒకటి కాదన్నమాట.

చాలసేపటికి అతడు నోరు విప్పెను. ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో ఒక చిన్నకాలువపై తూము కట్టించెనట. మట్టము వేయుటలో ఆధారపు గుర్తును తప్పుగా చదువుటచే తూము గడప ఎత్తుగా నిలిచినది. శివారు భూములకు రెండు పంటకాలములు నీరందలేదు. కట్టుచుండగానే మేస్త్రీ ఒకడు సందేహము వెలిబుచ్చెనట. గడువు దగ్గరపడినదని ఇతడు వినిపించుకొనలేదు. పై అధికారుల కాగితములలో కారణము 'కాలువ పూడిక' అని నమోదైనది, ఆ ఫైలు అంతటితో ముగిసినది. "నలభై ఏళ్లయింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ మేస్త్రీ మొహం మాత్రం మరిచిపోలేదు" అనెను.

మన ఆనకట్టల చెంత కట్టినవారి విగ్రహములు కలవు, ప్రారంభోత్సవపు శిలాఫలకములు కలవు, అవి ఉండవలసినవే. కాని ఇచ్చట పొరపడితిమి, దీనిని ఇట్లు సరిదిద్దితిమి అని తెలుపు ఫలకము ఒక్కటియు ఇంతవరకు నా కంటబడలేదు. తమ రాజు గర్వమునకు గుర్తుగా మునిగిన ఓడను స్వీడన్‌వారు పైకి తీసి, పిల్లలను దాని ముందు కూర్చుండబెట్టిరి. మన ఇంజనీరింగు కళాశాలలలో ప్రతిదానియందును, ఆ జిల్లాలోనే ఒరిగిన వంతెననో తెగిన గట్టునో గూర్చి, పేర్లు దాచియైనను, కొలతలు దాచకుండ ఒక గది ఉండవలెనని నేను మనఃపూర్వకముగా కోరుచున్నాను.

తిరుగు పడవలో నా మిత్రుడు నా కలము తీసికొని ప్రవేశపు చీటీ వెనుక ఏదో వ్రాసి నా చేతికిచ్చెను. "నీ శీర్షికలో వెయ్యి. నా పేరు వేసినా సరే" అనెను. ఆ పేరుతో మరికొందరి పేర్లు కూడ బయటపడును గనుక దానిని వేయలేదు. చీటీ వెనుకనున్నది మాత్రము ఇది: తూము గడప ఉండవలసిన మట్టముకంటె 9 అంగుళములు ఎత్తు.