టైగర్ వేషం వేసిన టాంకు

సినిమాల్లో తప్పులు పట్టుకోవడం మీలో చాలామందికి సరదా. నాయకుడి చేతిలోని టీ గ్లాసు సగమవుతుంది, మరు నిమిషంలో మళ్ళీ నిండుతుంది! ఒకే సన్నివేశాన్ని ముక్కలుగా, వేరువేరు వేళల్లో తీసి అతకడం వల్ల ఇలా జరుగుతుంది. ఇటువంటివి నవ్వుకుని వదిలేయవచ్చు.

చరిత్రకు సంబంధించిన తప్పులను మాత్రం అంత తేలిగ్గా వదలకూడదని నా అభిప్రాయం. "హాస్యచిత్రమే కదా!" అంటారు కొందరు. కాని నవ్వుతూ చూసినది కూడా మనసులో చరిత్రగా నాటుకుపోతుంది.

1970లో వచ్చిన "కెల్లీస్ హీరోస్" అనే హాలీవుడ్ చిత్రాన్ని తీసుకుందాం. కథాకాలం 1944, స్థలం ఫ్రాన్స్. కొందరు అమెరికన్ సైనికులు శత్రువుల అధీనంలోని బ్యాంకు నుంచి బంగారం కొట్టేయాలని బయలుదేరుతారు. అక్కడ జర్మన్ల టైగర్ టాంకులు మూడు కాపలా ఉంటాయి.

ఆ టాంకుల చక్రాలు గమనించండి. అసలు టైగర్ బరువు సుమారు 57 టన్నులు. అంత బరువు నేలమీద సమంగా పడాలని దానికి వెడల్పైన గొలుసు పట్టాలు, ఒకదానిపైకి ఒకటి వచ్చేలా అమర్చిన పెద్ద చక్రాలు ఉండేవి. సినిమా టాంకుకు ఒక్కో పక్కన అయిదు పెద్ద చక్రాలు విడివిడిగా కనిపిస్తాయి. అది రష్యన్ టి-34 టాంకు గుర్తు! చిత్రాన్ని యుగోస్లావియాలో తీశారు. టి-34లకే పైన టైగర్ వేషం వేశారు. యుద్ధం తర్వాత మిగిలిన అసలు టైగర్లు బహు కొద్ది. కనుక ఇది గత్యంతరం లేక చేసిన తప్పు.

మరొకటి చూడండి. ఆడ్‌బాల్ అనే టాంకు నాయకుడి గడ్డం, జుట్టు, మాటతీరు 1960ల నాటి హిప్పీలవి. 1944లో హిప్పీలెక్కడ? ఇది తెలిసి చేసిన తప్పు. సినిమా వచ్చిన నాటికి అమెరికా వియత్నాంలో పోరాడుతోంది. ఆ యుద్ధాన్ని వ్యతిరేకించిన యువతరం ఛాయ ఈ పాత్రలో ఉంది. అంటే ఈ పాత్ర 1944 కంటే 1970 గురించే మనకు ఎక్కువ చెబుతుంది.

కాబట్టి తప్పు దొరకగానే చంకలు గుద్దుకోకండి. అది అజాగ్రత్తా, అవసరమా, ఉద్దేశమా అని ప్రశ్నించండి. ప్రయోగంలో లెక్క కుదరనప్పుడు శాస్త్రజ్ఞుడు చేసే పని అదే. ఆ తర్వాత చరిత్ర పుస్తకం తెరవండి. నవ్వు నవ్వే, నిజం నిజమే!