వేన్నీళ్ల వెల

కార్తికము ప్రవేశించినది మొదలు, తెల్లవారకమునుపే వినుకొండ పెరళ్లనుండి పొగ లేచుట మన కందరకును పరిచితమైన దృశ్యము. నడుమ పొగగొట్టము, చుట్టును నీరు, క్రింద పత్తికట్టె మంట గల రాగి బాయిలరే మన పెద్దల కాలమునుండి యింటింటికి స్నానపు నీళ్ల నిచ్చుచు వచ్చినది. మా యింటి బాయిలరు అడుగు ఈ యేట మరల చిల్లి పడినది. రెండుమారులు మాటు వేసిన కంచరి మూడవమారు పెదవి విరిచెను. క్రొత్తది కొనక తప్పదు. ఏది కొనవలయునను ప్రశ్న మా యొక్క యింటిది కాదు గనుక పాఠకుల యెదుట నుంచుచున్నాము.

అంగడిలో మనము మొట్టమొదట నడుగునది ఖరీదు. కాని ఖరీదుచీటీ ఒక పక్షము మాత్రమే. ఆ పిదప పది సంవత్సరములు అయ్యెడు వ్యయమును, ఆ వ్యయము నెవరు భరింతురనుటను విచారింపక తీర్పు చెప్పుట ఏకపక్షవిచారణ యగును.

మొదట మనకు కావలసిన వేడి యెంతయో లెక్కింతము. ఐదుగురున్న యింట మనిషికి ఇరువది లీటర్ల వంతున నూరు లీటర్ల నీరు. 25 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తెచ్చిన చాలును. ఇందులకు 1,500 కిలోకేలరీల వేడి చాలును. విద్యుత్తున నిది ఒకటి ముప్పాతిక యూనిటు. నెలకు ఇంచుమించు 52 యూనిట్లు. ఎండిన కట్టెలో నున్న వేడియంతయు నీటికే చేరినచో అరకిలో కట్టె చాలవలయును. ఆ యరకిలో యెక్కడ, ప్రతి యుదయమున మా బాయిలరు మ్రింగిన మోపెడు కట్టె యెక్కడ! తక్కిన వేడి పొగగొట్టముగుండ ఆకాశమున కేగినది.

కట్టె మన చేనిదే కదా, డబ్బు పెట్టి కొన్నది కాదు కదా, యని రైతు సోదరులు పలుకుదురు. నిజమే. కాని మంట నూదిన యిల్లాలి కన్నులను, ఊపిరితిత్తులను ఏ ఖాతాలో వ్రాయుదము? ఇండ్లలోని పొగచే 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించినది. వేరొక నష్టమును గలదు. పత్తికట్టెను బాయిలరుకొరకు గోడప్రక్కన వామిగా వేసి నెలలతరబడి నిలువయుంచుదుము. దానిలోని విచ్చని కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండి, మరుసటి పైరు వేయునాటికి చేనిమీద పడును. అందుచేతనే కట్టెను ఇండ్లయొద్ద నిలువ చేయవద్దని వ్యవసాయశాఖవారు చెప్పుచున్నారు. ఉచితమని తలచిన యింధనము పంటనుండి తన వెలను రాబట్టుకొనుచున్నది.

ఇక గ్యాసు గీజరు. ఖరీదు తక్కువ, నీరు తక్షణము కాగును. మనము చెప్పిన లెక్క ప్రకారము నెలకు ఐదు కిలోలకు పైగా, అనగా 14.2 కిలోల సిలిండరులో మూడవవంతుకు మించి ఖర్చగును. దేశమున వాడు వంటగ్యాసులో సగమునకు మించి విదేశములనుండి వచ్చుచున్నదని మరువరాదు. అంతకు మించిన మాట ప్రాణభయము. మూసిన స్నానపుగదిలో ఈ గీజరు మండినచో గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానమునకు వెళ్లినవారు లేచి రాని సంగతులు పత్రికలలో పలుమారు చదివితిమి. దానిని పెట్టదలచినవారు గదికి వెలుపల, గాలి యాడుచోట పెట్టింపవలయును.

విద్యుద్గీజరు విషయమున నొక భ్రమను తొలగింపవలసియున్నది. 2001వ సంవత్సరపు ఇంధన పొదుపు చట్టముక్రింద 2002లో నేర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు, 2006నుండి ఉపకరణములపై నక్షత్రముల చీటీ నంటింప నారంభించిరి. గీజరుమీది నక్షత్రములు నీరు కాచుటలోని పొదుపును గాక, కాగిన నీటి వేడిని నిలుపుటలోని పొదుపును దెలుపును. కాచుటలో ఏ గీజరైనను దాదాపు విద్యుత్తునంతయు వేడిగనే మార్చును. కావున ఐదు నక్షత్రముల గీజరును కొని దినమంతయు స్విచ్చి వేసియుంచుటకంటె, స్నానమునకు అరగంట ముందు వేసి పిదప ఆర్పుట మేలు. వాడుక హెచ్చినకొలది యూనిటు ధర హెచ్చు పద్ధతి యున్నందున ఈ యరువది యూనిట్ల లోపలి వాడుకయే బిల్లును పై మెట్టు కెక్కింపగలదు.

మిగిలినది సూర్యుడు. ఏప్రిలు, మే నెలలలో మధ్యాహ్నమున కుళాయి త్రిప్పినచో చేయి కాలు మన వినుకొండలో, మిద్దెమీది తొట్టియే మనకు పాఠము చెప్పుచున్నది. నూరు లీటర్ల సౌరపరికరమునకు ఇంచుమించు రెండు చదరపు మీటర్ల ఫలక మవసరము. అది దక్షిణముఖముగ వాలియుండవలయును; చన్నీళ్ల తొట్టి దానికంటె ఎత్తున నుండవలయును. మన పల్నాడు సున్నపురాతి సీమ. ఈ నీటిలోని సున్నము సన్నని రాగిగొట్టములలో పేరుకొని మార్గమును మూసివేయును. కావున బోరునీరు వాడువారు సులభముగ శుభ్రపరుప వీలైన గాజుగొట్టముల పరికరమునో, ఇంటినీరు ఫలకముగుండ పోనట్టి పరికరమునో కోరి తీసికొనవలయును. తుపాను దినములకు చిన్న విద్యుత్ కడ్డీ తోడుండవలయును.

అందరకు నొక్కటే తీర్పు చెప్పుటకు మేము సాహసింపము. మన సీమలో ఆరోగ్యవంతునకు వేన్నీళ్లు కావలసినది సంవత్సరమున నాలుగైదు నెలలే. అట్టి చిన్న కుటుంబమునకు, అద్దెయింటివారికి, చిన్న విద్యుద్గీజరు చాలును. వృద్ధులు, పసిబిడ్డలు, బాలింతలు గల సొంతయింట ఏడాది పొడుగునను వేన్నీళ్లు కావలయును. అచ్చట సౌరపరికరమే తన ఖరీదును తాను తీర్చుకొనగలదు. మా యింట ఎనుబదేండ్ల తల్లి యున్నది గావున మేము దానినే నిశ్చయించితిమి.

అయినను ఆ నిశ్చయము చేసినది మేము కాదని యొప్పుకొనవలయును. పదునైదేండ్లుగా బాయిలరు యెదుట కూర్చున్న మా యిల్లాలిని, ఏది కొందమని ఈ యేటనే మొదటిసారి యడిగితిమి. "పొగ లేనిది" అని మాత్రము ఆమె పలికెను. దేశమున స్త్రీలకు స్వాతంత్ర్యము కావలయునని వేదికలెక్కి పలికిన మేము, ఇంతకాలము ఆ ప్రశ్న నడుగకుండుటకు సిగ్గుపడుచున్నాము. పాఠకులు అంగడికి పోవుటకు ముందు తమ యింట నిప్పు రాజేయువారిని ఈ ప్రశ్న యడుగుదురు గాక.