‘గజినీ’ అని పిలవకండి

సినిమా చూడని ఇళ్లలోకి కూడా సినిమా పేర్లు వస్తాయి. బజారు నుంచి, బడి నుంచి పిల్లలు వాటిని మోసుకొస్తారు. బేగంబజార్‌లో పాత్రల దుకాణాల ముందు కాసేపు నిలబడితే ఈ సంగతి తెలుస్తుంది. వలీమా విందుకు కావలసిన పెద్ద దేగ్‌ను చూపి ‘బాహుబలి’ అంటారు. చూసిన సరుకు ఒకటి, చేతికొచ్చింది మరొకటి అయితే ‘ఇదంతా మాయాబజార్’ అని నవ్వుకుంటారు. 1957 నాటి మాయాబజార్‌ను గానీ 2015 నాటి బాహుబలిని గానీ చూడనివారు కూడా ఆ పేర్లను వాడుతూనే ఉన్నారు. ఆ మాటకొస్తే, రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ సతీమణి హుమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలమే బేగంబజార్ అని అక్కడ ఎండు ఫలాలు కొనేవారిలో ఎందరికి గుర్తుంది?

వస్తువులకు పెట్టే ఇలాంటి పేర్ల వల్ల ఎవరికీ కీడు లేదు. కానీ ఒక పేరు మనుషుల మీద వాలింది. 2005లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన ‘గజినీ’ చిత్రంలో, తలకు దెబ్బ తగిలిన కథానాయకుడికి కొత్త సంగతులేవీ కాసేపటికి మించి గుర్తుండవు. అప్పటి నుంచి మతిమరుపు గలవారందరూ ‘గజినీ’లయ్యారు. చిత్రమేమిటంటే, ఆ కథానాయకుడి పేరు గజినీ కాదు. నిజానికి గజినీ అఫ్ఘానిస్తాన్‌లోని ఒక నగరం. అల్ బీరూనీ చివరి సంవత్సరాలు గడిపినది అక్కడే. ‘కష్ఫుల్ మహ్‌జూబ్’ రచించిన హజ్రత్ అలీ హుజ్వీరీ (రహ్మతుల్లాహి అలైహ్) ఆ ప్రాంతం వారే. విద్వాంసుల ఊరి పేరు మన పిల్లల నోట మతిమరుపునకు మారుపేరైంది.

హిఫ్జ్ తరగతిలో ఈ పేరు చేసే హాని మేము చూస్తూనే ఉన్నాము. నిన్నటి సబఖ్ అప్పజెప్పలేక ఒక బాలుడు ఆగిపోతాడు. వెనుక వరుస నుంచి ఎవరో ‘గజినీ’ అంటారు. తరగతి నవ్వుతుంది. ఆ పేరు వుజూ చేసే చోటికి, దస్తర్‌ఖాన్ దగ్గరకు, చివరకు ఇంటికి కూడా అతని వెంట వెళుతుంది. కొన్నాళ్లకు బాగా వచ్చిన ఆయతు దగ్గర కూడా ఆ బిడ్డ తడబడతాడు. తనకు ఏదీ గుర్తుండదని తానే నమ్మేస్తాడు.

సూరా అల్ హుజురాత్ 11వ ఆయతు విశ్వాసులను ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని వారించింది. మరపు మానవ సహజం. ‘ఇన్సాన్’ అనే పదమే ‘నిస్యాన్’ (మరపు) నుంచి వచ్చిందని చెప్పిన అరబీ భాషావేత్తలు ఉన్నారు. ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారిని దైవప్రవక్త (స) ఒంటెలను కట్టి ఉంచుకున్న యజమానితో పోల్చారు. కనిపెట్టుకొని ఉంటే నిలుస్తాయి, వదిలేస్తే వెళ్లిపోతాయి. కాబట్టి మరచిన బిడ్డకు కావలసింది పునశ్చరణ.

మరపు చుట్టూనే ఆంగ్లంలో మరో సినిమా మాట పుట్టింది. 1938 నాటి ఒక నాటకం ఆధారంగా 1944లో హాలీవుడ్‌లో ‘గ్యాస్‌లైట్’ చిత్రం వచ్చింది. అందులో భర్త వస్తువులను తానే దాచి, వాటిని పోగొట్టింది నీవే, నీకు మతి తప్పుతోందని భార్యను నమ్మిస్తాడు. పై అంతస్తులో అతడు రహస్యంగా దీపం వెలిగించినప్పుడల్లా కింద ఆమె గదిలోని గ్యాసు దీపం మసకబారుతుంది. అదంతా ఆమె భ్రమేనని నమ్మేలా చేస్తాడు. ఎదుటివారికి తమ బుద్ధి మీదే నమ్మకం పోయేలా చేయడాన్ని నేడు ‘గ్యాస్‌లైటింగ్’ అంటున్నారు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు సంస్థ 2022లో దానినే ఆ సంవత్సరపు పదంగా ప్రకటించింది.

ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మరచినవారిని గేలి చేస్తుంది. రెండవది, మరచావని నమ్మించేవారి అన్యాయాన్ని బయటపెడుతుంది. రోజూ పిల్లల ముందు భార్యను ‘గజినీ’ అని నవ్వుకునే భర్త మొదటి మాటతో రెండవ పనే చేస్తున్నాడు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ‘నాకే ఏదో అవుతోంది అమ్మీ’ అంటే, సర్దుకుపొమ్మని చెప్పే ముందు ‘నీకు మతి తప్పుతోందని మొదట అన్నది ఎవరు బేటీ?’ అని అడగండి.

అఖీఖా నాడు ఎంతో వెతికి మన బిడ్డలకు మంచి పేర్లు పెట్టాము. ఆ పేర్లతోనే పిలుద్దాం. సబఖ్ మరచి వచ్చిన బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఇషా నమాజు తరువాత మరొక్కసారి విందాం.